నల్లా వచ్చే రోజు బడి గేటు

కొత్తపేట నుంచి.

పెద్దన్నకు, వదినకు, అమ్మకు సైదమ్మ దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మా ఆయన బాగానే ఉన్నాము. మీరంతా బాగుండాలని రోజూ మొక్కుకుంటున్నాను. కన్ను ఆపరేషన్ అయ్యింది కాబట్టి అమ్మను పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి. వదిన మోకాళ్ల నొప్పి ఎట్లుంది? నేను పంపిన నూనె రాసుకుంటుందా, గూట్లో దాచిపెట్టిందా? ఈ ఉత్తరం అనితే చదివి వినిపించాలి. అనితా, మేనత్త రాసింది ఒక్క ముక్క కూడా విడిచిపెట్టకు. మీ నాయన "ఇగ చాలు" అన్నా ఆపకు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు అన్నా. ఫోన్లో నువ్వు తిడతావు, నేను ఏడుస్తాను, ఎవరో ఒకరం పెట్టేస్తాము. కాయితం మీద నువ్వు నాకు అడ్డం రాలేవు. నా చదువు ఐదో తరగతే, రాత వంకర పోతే అనిత సర్దుకుని చదువుతుంది.

మొన్న నువ్వేమన్నావు? "బిడ్డనే లేదు, ఇంక ఆ పట్నంల ఏమున్నదే? ఇంటికి రా. బిడ్డ లేని బడికాడ నీకేం పని, నలుగురు నవ్వుతున్నరు" అన్నావు. దానికే ఈ జవాబు. నేను రాను అన్నా. ఎందుకు రానో మొత్తం విను.

ముందు మా సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో చపాతీల పని అట్లనే ఉంది. కోచింగ్ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు. "ఆంటీ, ఇంకొకటి వేయండి" అని ప్లేటు చాపితే నాకు సంతోషం, బాధ రెండూ ఒక్కసారే వస్తాయి. పండ్ల మార్కెట్ ఇక్కడి నుంచి పోయాక మా ఆయన హమాలీ పనికి చాలా దూరం పోతున్నాడు. ఇంటికి వస్తే ఒంటి నిండా బత్తాయి వాసన, మన ఊరి తోట నడిచి వచ్చినట్టు ఉంటుంది. మొన్నటి వానలకు మూసారాంబాగ్ వంతెన మీదికి నీళ్లొచ్చి తిరిగి తిరిగి పోయాము. ఇప్పుడు చలి మొదలైంది. తిండికి కొదవ లేదు. హాస్టల్ సాంబారు మాత్రం నాకు ఇప్పటికీ పడదు. వచ్చేవాళ్లెవరైనా ఉంటే జొన్నపిండి, చింతకాయ తొక్కు పంపు.

గదిలో మా బిడ్డ సిరి బడి సంచి మేకుకు అట్లనే ఉంది. మా ఆయన దాని దిక్కు చూడకుండా అన్నం తింటాడు.

పోయిన ఏడు వానల్లో సిరికి జ్వరం రావడం, దవాఖానలో పెట్టడం మీకు తెలుసు. మీకు చెప్పనిది ఒకటుంది. కార్యాలన్నీ అయ్యాక, అది గీసిన బొమ్మలేమన్నా ఉంటే తెచ్చుకుందామని బడికి పోయాను. అప్పుడు తెలిసింది. అది దవాఖానలో కళ్లు తెరిచి "అమ్మా, పరీక్షలు ఎప్పుడు?" అని అడుగుతున్న రోజుల్లోనే బడిలో దాని పేరు కొట్టేశారు. చాలా రోజుల నుంచి రావట్లేదని. ఒక్క ఫోన్ లేదు, ఇంటికి వచ్చిన మనిషి లేడు. చచ్చిపోయినందుకు కొట్టేస్తే ఓర్చుకునేదాన్ని అన్నా. రానందుకు కొట్టేశారు.

సిరి ఉన్నప్పుడే తల్లులంతా కలిసి నన్ను బడి కమిటీలో పెట్టారు. ఆ మీటింగ్‌కు నేను మళ్లీ పోయాను. మీటింగ్ మొదలుకాగానే హెడ్ సారు అన్నారు, "చూడుండ్రి అమ్మా, పైనోళ్లు అన్ని బడుల హాజరు పక్కపక్కన పెట్టి చూస్తున్నరు. మనది అడుగున ఉన్నది. రాని పిల్లల పేర్లు తీసేస్తే పర్సెంటేజీ దానంతటదే లేస్తది."

నాకు ఒళ్లు మండింది. "అయితే బడిల అందరి పేర్లు తీసేయుండ్రి సారూ. రానోడు ఒక్కడు కూడ మిగలడు" అన్నాను. ఆడవాళ్లంతా నవ్వారు.

"సైదమ్మా, నీ బాధ నాకు ఎరుకే..."

"నా బాధ నా ఇంట్ల ఉన్నది సారూ, దాన్ని బయటికి తీయకుండ్రి. నేను అడిగేది ఒక్కటే. పేరు తీసే ముందుగాల ఆ ఇంటికి మనిషి పోవాలె. పిల్ల ఎందుకు ఒస్తలేదో అడగాలె."

అప్పుడు సుజాత మేడం లేచింది. గుంటూరు మనిషి, హాజరంతా కంప్యూటర్లో ఎక్కించేది ఆమెనే. "ఒక్క నిమిషం సార్. క్లాసుల వారీగా చూస్తే ఏమీ తెలీడం లేదు. అందుకని పిల్లల్ని వీధుల వారీగా, ఆడా మగా విడదీసి వేశాను. ఇదిగో చూడండి. కింది గల్లీ ఆడపిల్లలే ఎక్కువగా మానేస్తున్నారు. అవే ఇళ్లల్లో మగపిల్లలు మాత్రం వస్తున్నారు" అని గోడ మీద చూపించింది. రోజుకొక వరుస, రానివాళ్లకు ఎరుపు, వచ్చినవాళ్లకు తెలుపు. ఒక వరుస ఎరుపు, ఒక వరుస తెలుపు, మళ్లీ ఎరుపు. బతుకమ్మ పేర్చినట్టుంది. ఒకరోజు వస్తున్నారు, ఒకరోజు రావట్లేదు. ఎందుకో మేడానికీ తెలియదు.

నాకు తెలుసని లేచాను. ఎల్‌బీ నగర్ వైపు ఎన్ని ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి! పెళ్లిళ్లలో వడ్డించడానికి ఈ తల్లులు పిల్లలను పంపుతున్నారని అనుకున్నాను. ఆ కోపంతోనే తెల్లారి కింది గల్లీలో మంగ ఇంటి ముందు నిలబడ్డాను. "బిడ్డను బడి మాన్పించి ఫంక్షన్ హాల్ పనికి తోలుతున్నవా?"

మంగ నడుముకు కొంగు చెక్కింది. "ఓ సైదమ్మా! మీ ఇంటిగలామెకు బోరున్నది గదా, నీకు పెండ్లిళ్లే యాదికొస్తయి. మాకు నల్లా యాదికొస్తది. ఒకరోజు ఇడిచి ఒకరోజు ఒస్తది, అది గూడ సక్కగ బడి గంట యాళ్లకే ఒస్తది. గప్పటికి నేను నాగోల్ల అపార్ట్‌మెంట్లల్ల గిన్నెలకాడ ఉంట. నీళ్లు ఎవలు పట్టాలె? నువ్వొచ్చి పడ్తవా?"

"నీ కొడుకు పట్టరాదా?"

"వాడు బిందె ఎత్తితే ఆళ్ల నాయనకు ఇజ్జత్ పోతదట!"

డ్రమ్ము వెనక నుంచి మంగ బిడ్డ స్వాతి తల బయటపెట్టింది. "పెద్దమ్మా, నీళ్లు పట్టి ఉరుకుతనే ఉన్న. గప్పటికే గేటు ఏస్తరు. వాపస్ పొమ్మంటరు. రాలేదని రాస్తరు."

విన్నావా అన్నా? ఆ ఎరుపులో ఉన్న పిల్లలు రాని పిల్లలు కాదు. వచ్చి, గేటు దాకా వచ్చి, వెనక్కి పోయిన పిల్లలు. మంగకు అక్కడే చేతులు జోడించాను. "పో, చాయ్ తాగి పో" అని అది ఇంకా కోపంగానే లోపలికి పిలిచింది.

ఇదంతా పోయి చెబితే హెడ్ సారు వింటే గదా! "గేటు తెరిచిపెడితే రేపటికెల్లి అందరు ఆలస్యంగనే ఒస్తరు. రూల్ రూలే" అన్నారు.

మళ్లీ నల్లా వచ్చిన రోజు హాస్టల్లో చెప్పి బడి ముందుకు పోయాను. తాళం పడింది. కాసేపటికి పిల్లలు ఒకరి వెనక ఒకరు ఉరుక్కుంటూ వచ్చారు. పావడాల అంచులు తడి, జడలు ఊడిపోయాయి, చేతులు ఇంకా చల్లగా ఉన్నాయి. వాచ్‌మన్ "జరుగుండ్రమ్మా, ఇంటికి పోండ్రి" అన్నాడు. నేను గేటు ముందు అరుగు మీద కూర్చున్నాను. "తాళం మీది, అరుగు సర్కారుది. కూసోండ్రి బిడ్డా, పుస్తకాలు తియ్యుండ్రి" అన్నాను. పిల్లలు వరుసగా కూర్చొని గట్టిగా చదవడం మొదలుపెట్టారు. రోడ్డు మీద ఆటోలు ఆగాయి.

సుజాత మేడం ఫోన్ పట్టుకొని గేటుకు అవతల వచ్చి నిలబడింది. "నేను హాజరు తీసుకుంటున్నాను సార్, పిల్లలు బడి దగ్గరే ఉన్నారు కదా" అని వెనక్కి తిరిగి గట్టిగా చెప్పి, ఊచల సందులోంచి పేర్లు పిలిచింది. "ప్రెజెంట్ మేడం, ప్రెజెంట్ మేడం." శ్రావణి దాకా వచ్చింది. సిరి వాళ్ల క్లాసు అది, బడిలో దాని పేరు శిరీష. శిరీష అని పిలిచే చోటుకు వచ్చేసరికి నా చెవి ఎదురు చూసింది అన్నా. మేడం కూడా ఒక్క క్షణం ఆగింది. తర్వాత "స్వాతి" అన్నది. "ప్రెజెంట్ మేడం" అని ఆ పిల్ల ఎంత గట్టిగా అరిచిందంటే, వరండాలో నిలబడ్డ హెడ్ సారు దిగివచ్చారు.

"తాళం తియ్యి" అని వాచ్‌మన్‌తో చెప్పి, నా దిక్కు తిరిగారు. "రేపు పైనోళ్లు నన్ను నిలబెట్టి అడిగితే నువ్వొస్తవా?"

"ఒస్త సారూ. సద్ది కట్టుకొని ఒస్త."

ఆయనకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. చెడ్డమనిషి కాదు, భయం.

ఇప్పుడు నల్లా రోజుల్లో మొదటి పీరియడ్ అయ్యేదాకా చిన్న గేటు తీసి ఉంచుతున్నారు. కమిటీ నుంచి ఇద్దరం ఇంటికి పోయి రానిదే ఎవరి పేరూ కొట్టేయడం లేదు. పర్సెంటేజీ ఒక్కసారి ఎగిరిపోలేదు, మెల్లగా లేస్తుంది. ఎవరినీ తీసేయకుండా లేస్తుంది. నల్లా వేళ మార్చమని నీళ్ల ఆఫీసుకు పోయాము. చూస్తామన్నారు. వాళ్లు చూసేదాకా మేము పోతూనే ఉంటాము.

అయితే ఒక చిక్కు వచ్చింది. బడిలో బిడ్డ లేనివాళ్లు కమిటీలో ఉండరాదట. సారు మీటింగ్‌లో మెల్లగా చెప్పారు. నేను లేచి నిలబడ్డాను. ఆ రోజు మీటింగ్‌కు వచ్చిన మంగ కూర్చున్నచోటి నుంచే అందుకుంది.

"నేను పొద్దున పోతే మాపటికి ఒస్త. మా స్వాతికి గార్డియన్ సైదమ్మనే. రాసుకోండ్రి."

"మొన్ననే గదమ్మా ఇద్దరు కొట్లాడుకున్నరని విన్న?"

"కొట్లాడినం. పరాయోళ్లతోని ఎవలన్న కొట్లాడుతరా సారూ? రాసుకోండ్రి."

రాసుకున్నారు. సిరి సంచిని స్వాతికి ఇవ్వమని మా ఆయన అన్నాడు. ఇవ్వలేదు. నా చెయ్యి ఇంకా దాని దాకా పోవట్లేదు. కానీ నాకు బడిలో ఒక పిల్ల ఉంది అన్నా. నవ్వేవాళ్లకు చెప్పు.

అందుకే నేను రాను. ఇంకొక్క మాట. అనితా, ఇది గట్టిగా చదువు. అందరికీ వినపడాలి. పత్తి ఏరడానికి పిల్లను బడి మాన్పించామని, నాలుగు రోజులే కదా అని వదిన ఫోన్లో అన్నది. అన్నా, అక్కడ కూడా ఎవరో ఒకరు దాని పేరు ముందు రాలేదని రాస్తున్నారు. రేపు పొద్దున అనితను బడికి పంపు. పంపకపోతే నన్ను ఇంటికి రమ్మని పిలవాల్సిన పని లేదు, నేనే వస్తాను. వచ్చి నీ అరుగు మీద కూర్చుంటాను. నేను కూర్చుంటే ఎట్లుంటదో ఇక్కడి హెడ్ సారును అడుగు.

అమ్మా, నీ చెయ్యి నా తల మీద ఉందనుకొని నిద్రపోతాను. పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. జొన్నపిండి మరిచిపోవద్దు.

మీ చెల్లె
సైదమ్మ
శిరీష తల్లి, స్వాతి గార్డియన్