యాదన్న కూతురి ఫీజు

మంగళవారం, రాత్రి

ఈరోజు యాదన్న షేర్ మార్కెట్‌లో కొన్న తన ఈటీఎఫ్ యూనిట్లన్నీ నష్టానికి అమ్మేశాడు. మా పంజాగుట్ట ఆఫీసులో అటెండరు ఆయన. ఆరు నెలల కిందట ఆయన ఫోన్‌లో డీమ్యాట్ ఖాతా తెరిపించింది నేనే. "ఒక్క కంపెనీ కాదన్నా, యాభై కంపెనీల్లో తలా కొంచెం కొన్నట్టు. భయం లేదు" అని ధీమాగా చెప్పాను. ఆ డబ్బు ఎప్పుడు అవసరమవుతుందని మాత్రం అడగలేదు.

అది కూతురి నర్సింగ్ ఫీజు. శుక్రవారం కట్టాలి. మార్కెట్ చూస్తే మూడు వారాలుగా పడుతూనే ఉంది.

సాయంత్రం అమీర్‌పేట బస్టాప్ దాకా ఇద్దరం నడిచాం. తక్కువపడింది నేనిస్తానన్నాను.

"వద్దు మేడమ్. చిట్టీ ఎత్తుకుంట. మీరు మంచికే చెప్పిన్రు గదా," అన్నాడు.

నన్ను రెండు మాటలు అన్నా బాగుండేది. బోరబండ బస్సు వచ్చింది. ఎక్కబోతూ ఆగి, "మల్ల ఎప్పుడు కొందాం మేడమ్?" అని అడిగాడు.

వినపడలేదన్నట్టు చెయ్యి ఊపాను. రేపు మళ్లీ అడుగుతాడు. నేను కొనమంటే ఇప్పటికీ కొంటాడు...