మచ్చపడిన ఆకు

మనుబోలు

చిరంజీవి ఫేబీకి అమ్మ ముద్దులతో రాస్తున్నది. దేవుని దయవల్ల నాన్న, నేను, నువ్వు నాకు అప్పజెప్పి పోయిన పిల్లి, ముగ్గురం క్షేమం. వేలూరు నర్సింగు హాస్టల్లో నీకు అన్నం, నిద్ర సరిగా అమరుతున్నాయని తలుస్తాను.

ఫోనులో మాట నిలవదు, ఉత్తరమే కావాలన్నావు గనుక నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. నాన్న దగ్గు తగ్గింది. నిమ్మకాయ ఊరగాయ వచ్చే వారం పంపుతాను. "పోయిన ఉత్తరంలో వరుసలు కిందికి జారినాయేంది?" అని అడిగావు. అది చివర్లో చెబుతాను.

ముందు నా చదువు సంగతి. నేను, పక్కింటి ఎలిశబెతక్క నెల్లూరులో శిక్షణకు పోయి వచ్చాం. తెగులు ఏ చేలో మొదలైందో, కూరగాయల మీద మందు ఎప్పుడు కొట్టారో, కోత ఎప్పుడు కోశారో ఊళ్ల నుంచే ఫోనులో నమోదు చేయడం నేర్పారు. ఆ వివరాలుంటే పక్క ఊరిని ముందే హెచ్చరించవచ్చట. కొట్టిన మందు విషం ఇంకా విరగని కాయ బజారుకు పోకుండా ఆపవచ్చట.

రెండో రోజు పెరటి నుంచి నమూనాలు తెమ్మన్నారు. మేమిద్దరం కోత పండుగకు చర్చికి పట్టుకుపోయినట్టే పట్టుకుపోయాం. నవనవలాడే వంకాయలు, లేత బెండకాయలు, కడిగి, తుడిచి, పైన తెల్లగుడ్డ కప్పి. నేర్పించే పద్మనాభయ్య గారు గుడ్డ ఎత్తి చూశారు.

"ఏందమ్మా, కానుకలు తెచ్చినారా? నేనేమన్నా పాస్టరునా?"

"మంచియ్యే ఏరినాం సార్," అంది అక్క.

"మంచి కాయ నాకేం చెప్తాది తల్లీ? పురుగు తిన్న కాయ, మచ్చబడిన ఆకు తీసుకరండి. దాన్ని మీరు దిబ్బలో దాచిపెట్టి, తోటంతా పోయినాక పిలిస్తే నేనొచ్చి ఏం జేసేది?"

మర్నాడు వరి దుబ్బు మొదట్లో సుడిదోమ అనే పురుగును భూతద్దంతో చూడమన్నారు. అక్క ఒక్క చూపుకే పట్టేసింది. నాకు దుబ్బే మసకగా కనిపించింది. అద్దం తుడిచాను, మళ్లీ తుడిచాను.

"అరగదీస్తావా ఏంది మే దాన్ని?" అని నవ్వింది అక్క. కుడికన్ను మూసుకుని ఆమె వైపు తిరిగాను. ముఖం ఉండాల్సిన చోట తెల్లగా పొగలా ఉంది.

ఫేబీ, క్రిస్మస్ నుంచీ నా ఎడమ కన్ను ఇట్లాగే ఉంది. నాన్నకు చెప్పలేదు. నీకు పరీక్షలని నీకూ చెప్పలేదు. నీకెప్పుడూ కడిగి తుడిచినవే పంపుతూ వచ్చాను.

ఇంతవరకు వరుసలు తిన్నగా వచ్చాయంటే, అడుగున లావు గీతల కాగితం పెట్టుకుని రాశాను గనుకే. ఇప్పుడది తీసేశాను. ఎట్లా జారుతున్నాయో చూడు. ఈ వరుసలు మీ టీచరమ్మకు చూపించి, నన్ను ఏ డాక్టరుకు చూపించాలో అడుగు. సెలవిస్తే వచ్చిపో. నెల్లూరు దాకా నాకు బస్సు తెలుసు, దారి తెలుసు. ఆ డాక్టరు ముందు కుర్చీలో ఒక్కదాన్నే కూర్చోవడానికే భయంగా ఉంది.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ, డెబోరా