చెరువులోంచి లాగిన హీరో

ఆదివారం రాత్రి

ఈరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో పై వాటా నరేశ్‌తో సినిమా చూశాను. ఒక పెద్ద రచయిత్రి వయసులో ఉన్నప్పటి ప్రేమకథ. ప్రేమించినవాణ్ణే తన మొదటి నవలలో హీరోను చేసుకుంటుంది.

ఇంటర్వెల్‌లో సమోసా తింటూ నరేశ్ అడిగాడు: "నువ్వు గూడ నవల రాస్తున్నవ్ గదా. అండ్ల నేనున్ననా?"

"ఉన్నావు."

"ఏం జేస్తున్న?"

నా పుట్టినరోజు మరిచిపోయాడన్న కోపంతో, పోయిన వారమే సరూర్‌నగర్ చెరువులో ముంచి చంపేశానని ఎలా చెప్పను? "ఈత కొడుతున్నావు" అన్నాను.

"నాకు ఈతే రాదు గదనే!" అని పడీపడీ నవ్వాడు.

ఇంటికి రాగానే ఆ అధ్యాయం తిరగరాసి, వాణ్ణి బయటికి లాగాను. తడిబట్టలతో ఒడ్డున కూర్చుని హీరోయిన్ వైపే చూస్తున్నాడు. ఇక ప్రేమిస్తున్నానని చెప్పించడం ఒక్కటే మిగిలింది. ఆ మాట మాత్రం నేను రాయను. ముందు పై వాటాలోంచి వినబడాలి...