మంచు మీదికి వెళ్లే జాకెట్లు

శుక్రవారం, రాత్రి

మేం కుడుతున్న స్కీయింగ్ జాకెట్లను అమ్మకానికి పెట్టేముందు విదేశంలో, మంచు మీద వేసుకుని పరీక్షిస్తారట. అందుకోసం ఈరోజు లైంగ్‌థార్యార్ పేటలోని మా ఫ్యాక్టరీ నుంచి మూడు జాకెట్లు వెళ్లాయి. ప్యాకింగ్ చూసే పైడయ్య మావ వాటిని పెట్టెలో సర్దుతుంటే చూశాను. నీళ్లు దిగకుండా కుట్ల మీద వేసే టేపు మందంగా ఉంది. మాకిచ్చేది పల్చటిది.

"మావా, ఇవి మేం కుట్టినవి కావు గదా?"

"నీకేటే? పరీక్షకి మంచివే ఎల్లాల. పోయి కుట్టుకో."

నాకీ పని ఇప్పించింది ఆయనే. అయినా మనసొప్పక, మా జాకెట్ ఒకటి కుళాయి కింద పెట్టి చూశాను. భుజం కుట్టులోంచి నీళ్లు లోపలికి దిగాయి. మావ భోజనానికి వెళ్లగానే పెట్టెలోంచి ఒకటి తీసేసి, మేం కుట్టిన మరొకటి పెట్టాను.

సాయంత్రం బస్సు దగ్గర, ఎన్నడూ లేనిది, మావ నాకు టీ ఇప్పించాడు.

"పెట్టె ఎల్లిపోనాదే" అన్నాడు నవ్వుతూ.

ఎందుకు నవ్వాడు? చూశాడా? అడిగితే నేనే దొరికిపోతాను...

జాకెట్లన్నీ బాగున్నాయని అక్కణ్నుంచి కబురొస్తే మాత్రం, మావ ఆ పెట్టె మళ్లీ తెరిచాడన్నమాటే.