కారు పంపను, తెస్తాను

చిరంజీవి తమ్ముడు రమేశ్‌కు సుగుణక్క దీవించి రాసేది.

అశోక్‌నగర్‌లో నేను బాగానే ఉన్నాను. మోకాలి నొప్పి తగ్గింది, వేళకు తింటున్నాను, బెంగపడకండి. ఎండలే మండిపోతున్నాయి. అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? మరదలు లలిత ఎలా ఉంది? నా మేనకోడలు పావని పెళ్లి పనులు ఎంతవరకు వచ్చాయి?

ఫోన్‌లో అయితే మధ్యలోనే అందుకుంటావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. కడదాకా చదువు.

“అక్కా, బావ కారును డ్రైవర్‌తోని పంపు. పిల్లను మండపానికి తీస్కపోవాలె. నువ్వు తలంబ్రాలైనంక నిమ్మలంగ రా” అని ఆ రోజు ఫోన్‌లో అన్నావు. ఎందుకని నేను అడగలేదు. మొగుడు పోయిన మనిషి శుభకార్యానికి ఎదురు రాకూడదు, అంతే కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదురా.

నేనీ అమ్మాయిల హాస్టల్‌లో వార్డెన్‌గా చేరినప్పుడే కారు అమ్మేయమన్నావు. నేను అమ్మలేదు, డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఇక్కడి పిల్లలు సర్కారు పరీక్షలకు చదివేవాళ్లు. ఏళ్లుగా ఉంటున్నా వాళ్లు చూసిన హైదరాబాద్ అంటే స్టడీ హాలూ, మెస్సూ, అంతే. అందుకని ఆదివారం సాయంత్రం నలుగురిని కారెక్కిస్తాను. చిక్కడపల్లిలో మిర్చి బజ్జీలు తిని, నారాయణగూడ మీదుగా అంబర్‌పేట్ దాకా ఊరికే ఒక చుట్టు తిరిగి, చివరికి ట్యాంక్‌బండ్ చేరతాం. నీళ్ల మధ్య బుద్ధుణ్ణి చూసి ఒక పిల్ల, “ఇంత దగ్గర్ల ఉన్నదా ఆంటీ! ఇన్నొద్దులు చూడనేలే” అంది. ఈ ఆదివారాలే లేకపోతే ఒంటరితనంతో నేనెప్పుడో మన ఊరు వచ్చేసేదాన్ని.

మొన్న స్రవంతి అనే పిల్లకు అంబర్‌పేట్‌లో పరీక్ష. దింపుతానని నేనే చెప్పాను. పొద్దున ఆ పిల్ల దేవుడికి దండం పెట్టుకుని మెట్లు దిగుతుంటే నా కాళ్లు వాటంతటవే వంటగదిలోకి పోయాయి. తలుపు వెనక నక్కి నిలబడ్డాను. ఎదురు రాకూడదు కదా! బయట పిల్లలంతా కారు చుట్టూ ఎదురుచూస్తున్నారు. తాళంచెవి నా చేతిలోనే ఉంది.

చివరికి స్రవంతే లోపలికి వచ్చింది. “ఈడ దాక్కున్నరేంది ఆంటీ? టైమైతుంది!”

“నువ్వు ముందు గేటు దాటు బిడ్డా. మంచి పనికి పోతున్నవు, నేను ఎదురొస్తే ఎట్ల?”

“మీరు రాకుంటే బండి ఎవరు నడుపుతరు? నేను మీ ముఖం చూసే పోత, పదుండ్రి!” అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నారాయణగూడ చౌరస్తాలో ఒక ఆటోవాడు వెనక నుంచి ఒకటే హారన్. కిటికీలోంచి తల బయటపెట్టి, “ఆగు కొడుకా, మా పిల్ల పరీక్షకు పోతుంది!” అని గట్టిగా అరిచాను. వేళకు దింపాను. పేపరు కష్టంగా వచ్చిందట. తిరిగి వచ్చేటప్పుడు దారంతా పేపరు ఇచ్చినవాళ్లను తిట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు.

కాబట్టి తమ్ముడూ, డ్రైవర్‌తో కారు పంపను. పావని పుట్టినప్పుడు నీళ్లు పోసినవి ఈ చేతులే. అప్పుడు పనికొచ్చిన చేతులు మీ బావ పోగానే పాడైపోయాయా? నేను స్టీరింగ్ ముందు కూర్చుంటాను, పావని వెనక కూర్చుంటుంది. నడిపేది నేనైతే మండపం ముందు మొదట కనబడేదీ నేనే. నలుగురూ చూస్తే చూడనీ. ఇది నీకు ఇష్టం లేకపోతే కిరాయి కారు మాట్లాడుకో, నేను బస్సులో వస్తాను. ఎలా వచ్చినా ముందు వరుసలోనే కూర్చుంటాను.

కోపంగా రాశానని లలిత నొచ్చుకోకూడదు. ఇటు ఎవరైనా వస్తే ఆమె చేసిన నువ్వుల పొడి కాస్త పంపించు, పిల్లలు అడుగుతున్నారు. అమ్మ కాళ్లకు నా దండాలు. నన్ను దీవించమని చెప్పు. పావనికి ముద్దులు. కారుకు కట్టే పూలు నేనే తెస్తానని చెప్పు.

ఇట్లు,
తలంబ్రాలకు ముందే వచ్చే నీ అక్క,
సుగుణ