ఏడవనివ్వండి

గోపాలకృష్ణ బావగారికి,

ఫోన్లో అయితే నాగజ్యోతి వింటుందని రాస్తున్నాను. వైద్యం మొదలయ్యాకే మీ చెల్లెలు ఏడుస్తోందని, మాన్పించి తీసుకెళ్తానని అన్నారు. ఒక్కసారి నా మాట వినండి.

మిరప కల్లంలో ట్రాక్టరు కింద పడి మా హారిక పోయినప్పటి నుంచి జ్యోతి కంట నీటిచుక్క లేదు. పాపనే మరిచిపోయింది. ఒకసారి తప్పిపోయి సముద్రం ఒడ్డున వాడరేవులో దొరికితే, అక్కడికెలా వెళ్లిందో తనకే తెలియదు. మనమంతా దెయ్యమనుకున్నాం. మోయలేని బాధ నుంచి మనసే పక్కకు తప్పుకుందని గుంటూరు డాక్టరు గారు చెప్పారు. ఆవిడ ఒకరోజు జ్యోతితో విడిగా మాట్లాడతారు, ఇంకోరోజు ఇలాంటి బాధే ఉన్నవాళ్లతో కలిపి కూర్చోబెడతారు. విడిగా ఎంత మాట్లాడినా, పాప ప్రస్తావన రాగానే జ్యోతి చూపు ఎటో పోయేది.

ఇంటి సంగతులు పదిమందిలో ఎందుకని మీకు కోపం. కిందటి వారం ఆ పదిమందిలోనే చెంచమ్మ గారనే ఆవిడ, "నా కొడుకు లేడన్న సంగతి నాకు చాలాకాలం తెలియలేదమ్మా" అన్నారట. తిరిగొచ్చేటప్పుడు బస్సులో జ్యోతి నా చెయ్యి పట్టుకుని, "మన హారిక ఏదండీ?" అంది.

చిలకలూరిపేటలో దిగాక చెప్పాను. బస్టాండులోనే కూలబడి ఏడ్చింది. మర్నాడు డాక్టరు గారి దగ్గర విడిగా కూర్చుని, మొదటిసారి పాప గురించి మాట్లాడింది.

ఇప్పుడు రోజూ ఏడుస్తోంది, నిజమే. ఇన్నాళ్లూ పాప కోసం ఈ ఇంట్లో నేనొక్కడినే ఏడ్చాను బావగారూ. మీరు రండి. తీసుకెళ్లడానికి కాదు, మా ఇద్దరి దగ్గరా కాసేపు కూర్చోవడానికి.

మీ బావ