పదిహేడో షీటు

పాత పటాల గ్యాలరీ,
రెండో అంతస్తు, మరమ్మతు గది.
జూన్ 12, గురువారం.

ప్రియమైన సన్నగీతకు,

ఒకప్పుడు నీ పక్కబల్ల మీద పనిచేసిన మరక నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు మాత్రం మెట్లు చూడగానే పేచీ పెడుతున్నాయి. అక్కడ నువ్వూ, మీవారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ముప్ఫై ఒక్కేళ్ళ తర్వాత రాసే ఉత్తరాన్ని ఏ మర్యాదతో మొదలుపెట్టాలో తెలియక ముందు ‘మీకు’ అని రాశాను. నాకే నవ్వొచ్చి కొట్టేశాను. పైన సిరా అలుక్కుపోయింది అందుకే. ఆఫీసులో నాకు ఆ పేరు ఊరికే పెట్టలేదు కదా!

మర్యాదలు అయిపోయాయి. ఇక నా వల్ల కాదు. ఒసేయ్, నీ పదిహేడో షీటు దొరికిందే! దొరకడమే కాదు, గెలిచింది! నిన్నటి నుంచి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఎదురుపడిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. పొద్దున పాలు తెచ్చినతనికి కూడా చెప్పాను. అతను పాపం పాత్ర పట్టుకుని పది నిమిషాలు నిలబడిపోయాడు.

ఉండు, మొదటి నుంచి చెబుతాను. నీకు తెలిసిన సంగతులే కొన్ని మళ్ళీ రాస్తాను, విసుక్కోకు. వరసగా చెప్పుకుంటూ వస్తే తప్ప నాకు కలం కదలదు.

మన సర్వే ఆఫీసులో నగరానికి కొత్త పటం గీయమన్నారు. మొత్తం ఇరవై నాలుగు షీట్లు. ఏటి మలుపు వచ్చేది పదిహేడో షీటులో. నువ్వు పుట్టి పెరిగిన చోటు కాబట్టి పట్టుబట్టి అడిగి తీసుకున్నావు. నాలుగు నెలలు కొలతల గొలుసు పట్టుకుని తిరిగి కొలిచావు. అరవై రెండు ఇళ్ళు, మూడు సందులు, ఒక బావి, పేపర్లు చదువుకునే గది. ప్రతి ఇంటికీ నంబరు వేసి, పక్కన ఆ ఇంటివాళ్ళ పని కూడా చీమ తలకాయంత అక్షరాలతో రాశావు. దర్జీ, తాపీ, బుట్టలు, ఇస్త్రీ. అప్పుడు మన పెద్ద ఆఫీసరు నిన్ను పిలిచి, ఆ ఇళ్ళకి పర్మిషన్లు లేవమ్మా, తీసేసి ఖాళీ స్థలం అని రాయి అన్నాడు. ఉన్న ఇంటిని లేదని ఎలా గీస్తానండీ, అందులో మా అమ్మ వంట చేస్తోంది అన్నావు నువ్వు. ఆ మాటకి హాలంతా పెన్నులు ఆగిపోయాయి. మర్నాడే రాజీనామా ఇచ్చేశావు. నేనూ నీ వెంట వస్తాననుకున్నావు. నేను రాలేదు.

పటం ఖాళీ స్థలంతోనే అచ్చయింది. మరుసటి ఏడాది బుల్‌డోజర్లు వచ్చాయి. అవి వచ్చాక అది నిజంగానే ఖాళీ స్థలం అయింది.

సరే, ఇప్పటి మాటకి వస్తాను. నేను రిటైరయ్యాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఈ గ్యాలరీలో చేరాను. పాత నీటి సరఫరా భవనం గుర్తుందా, మనం వానకి తడవకుండా నిలబడే వరండా? అదే. దాన్ని బాగుచేసి నగరం పాత పటాలన్నీ ఇక్కడికి చేర్చారు. నాది మరమ్మతు పని. చిరిగిన పటానికి వెనక పల్చటి కాగితం, గోధుమపిండి గంజి పెట్టి అతికిస్తాను. చినుగు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియకూడదు. ఈ చేతులతో అంత నాజూకు పని చేస్తున్నానంటే నువ్వు నమ్మవు.

గ్యాలరీని నడిపే క్యూరేటర్ మన పిల్లల వయసుది. నన్ను పిన్నిగారూ అంటుంది. పటాలు బీరువాలో ఉంటే కాగితాలు, జనం చూస్తేనే పటాలు అని ఆ పిల్ల వాదన. అందుకని ప్రతిదాన్నీ ఫొటో తీయించి అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెడుతుంది. కింది హాల్లో గోడంత తెర ఉంది. పాత పటం మీద ఇప్పటి పటాన్ని పరిచి చూపిస్తుంది. బస్టాండు కింద చెరువు కనిపిస్తుంది, బట్టల కొట్ల కింద మామిడితోట కనిపిస్తుంది. ఆదివారాలు జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చి మా ఇల్లేదీ మా ఇల్లేదీ అని వెతుక్కుంటారు. దొరికితే ఆ ముక్కని అచ్చు వేసి ఉచితంగా ఇస్తాం.

మూడు నెలల కిందట మన పాత ఆఫీసు నుంచి ఒక ఇనప బీరువా వచ్చింది. అట్టడుగు సొరుగులో, కాలవల పటాల చుట్టల మధ్య, మనం పటాలు గీసే ట్రేసింగ్ గుడ్డ చుట్ట ఒకటి దొరికింది. విప్పుదామంటే ముడుచుకుపోయి బిగుసుకుంది. తేమ పెట్టెలో ఒక రోజు ఉంచి, అంచుల మీద ఇసుక సంచులు పెట్టి, వేలెడు వేలెడు చొప్పున విప్పాం. ముందు ఏరు వచ్చింది. తర్వాత వంతెన. ఆ తర్వాత ఇళ్ళు! వరసగా, ఒక్కొక్కటీ! క్యూరేటర్ భూతద్దం పట్టుకుని చదువుతూ, పిన్నిగారూ, ఇక్కడ ఇస్త్రీ అని రాసుంది, ఇదేం పటం అంటూ గంతులేసింది. నాకు భూతద్దం అక్కర్లేదు. ఆ గీతల్ని నేను పోల్చుకోలేనా? వెంట్రుకంత సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా గీయడం ఆ హాలు మొత్తానికి నీకొక్కదానికే వచ్చు.

ఇంకో సంగతి నీకు తెలిసి ఉండదు. ఏటి మలుపు నుంచి వెళ్ళగొట్టినవాళ్ళకి అదే చోట స్థలాలు ఇవ్వాలని రెండేళ్ళుగా అర్జీ నడుస్తోంది. నడిపిస్తున్నది మీ పక్కింటి దర్జీ. నీ అడ్రసు ఇచ్చిందీ అతనే. భూముల అధికారి మాత్రం, మా పటంలో అది ఖాళీ స్థలం, అక్కడ ఎవరూ ఉన్నట్టు దాఖలా లేదు అని ఒకే పాట పాడుతున్నారు. నీ షీటు గోడ తెర మీదికి ఎక్కిన సంగతి తెలిసి దర్జీ మర్నాడే వచ్చాడు. ఆ వచ్చే ఆదివారం నలభై మందిని వెంటేసుకొచ్చాడు.

నువ్వు ఉండాల్సిందే ఆ రోజు! ఇస్త్రీ అవ్వ గుర్తుందా, వీధి చివర? ఇద్దరు మనవరాళ్ళు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. షీటు మీది అద్దానికి ముక్కు ఆనించి చూసి, ఇదిగో నా గడప అంది. వేలు అక్కడి నుంచి తియ్యదు. ఇక్కడ కూర్చునే కదే మీ నాన్నకి తలంటి పోసేదాన్ని అని మనవరాళ్ళకి చూపించింది. ఒక తాపీమేస్త్రీ, మాది మూలిల్లు, నేను కట్టిన గోడ కాస్త వంకరపోయింది, ఈ అమ్మ వంకర కూడా గీసిందే అని పడీపడీ నవ్వాడు. అద్దం నిండా వేలిముద్రలు. కాపలా అతను గుడ్డ తెచ్చి తుడవబోతే క్యూరేటర్ ఆపింది. సాయంత్రం దాకా ఉండనివ్వు అంది.

ఆ షీటునే విచారణలో పెట్టారు. అధికారి కళ్ళద్దాలు సర్దుకుని, అచ్చు కానిది, సంతకం లేనిది, ఇలాంటి బొమ్మ ఎవరైనా గీస్తారు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి, అయ్యా, ఇందులో బావి గుర్తుంది, పటం చెప్పినచోట తవ్వించండి, బావి లేకపోతే బొమ్మే అనుకోండి అనేశాను. అన్నాక గానీ సంగతి గుర్తురాలేదు. ముప్ఫై ఏళ్ళుగా నగరంలోని రాళ్ళూ రప్పలూ అన్నీ అక్కడే పోశారు. బావి ఎక్కడో అక్కడివాళ్ళకే తెలియదు. అటని ఒకరు, ఇటని ఒకరు. దర్జీ అయితే రోజుకో దిక్కు చూపించాడు.

నిన్న పొద్దున తొమ్మిదింటికి అందరం ఏటి మలుపులో ఉన్నాం. అధికారి, ఆయన సర్వేయరు కుర్రాడు, గునపాలతో నలుగురు కూలీలు, మీవాళ్ళు యాభై అరవై మంది. నేను డివైడర్ తీసి షీటు మీద రెండు దూరాలు కొలిచాను. వంతెన మూలరాయి నుంచి బావికి ఎనభై మూడు మీటర్లు. రైలు కట్ట కింది తూము నుంచి అరవై ఒకటి. ఆ రాయీ, ఆ తూమూ నువ్వు కొలిచినప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. రెండు టేపులు రెండు వైపుల నుంచి లాగించి, అవి కలిసినచోట మేకు కొట్టించాను. చేతిలో యంత్రం పెట్టుకుని కూడా ఆ సర్వేయరు నా డివైడర్ వంక చిత్రంగా చూస్తున్నాడు. మేడం, రెండు కొలతల్లో ఏ ఒక్కటి తప్పినా పోతాం కదా అన్నాడు. కొలిచింది ఎవరనుకున్నావు నాయనా అన్నాను.

తవ్వారు. మీటరు లోతుకి ఇటుక ముక్కలు. ఇంకా తవ్వారు. పగిలిన పింగాణీ, తుప్పుపట్టిన తీగలు. మీటరున్నర. ఏమీ లేదు. అధికారి గడియారం చూసుకున్నారు. ఇస్త్రీ అవ్వ ఒక్కతే, ఇంకాస్త నాయనా, ఇంకాస్త అంటోంది. అప్పుడే ఠంగుమంది గునపం!

కూలీ చేతులతో మట్టి తోశాడు. రాయి. ఆ రాయి వంపు తిరుగుతోంది. ఆ వంపు మీద తాళ్ళు ఒరుసుకుని అరిగిన గాళ్ళు, ఒకటి, రెండు, ఐదు! ఒక్కసారిగా అరుపులు, కేకలు! దర్జీ చొక్కా మట్టి అవుతుందని కూడా చూడకుండా గోతిలోకి దూకేసి, ఇది మా అమ్మ తోడిన చోటు అంటూ ఆ గాడిలో వేలు పెట్టి నిలబడిపోయాడు. సర్వేయరు కొలిచి చూసి నోరెళ్ళబెట్టాడు. మేకుకీ బావి నడిమధ్యకీ తేడా మూరెడు కూడా లేదు. ఒసేయ్, ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఇనప గొలుసుతో కొలిచావే నువ్వు! అతను నా దగ్గరికి వచ్చి, ఈ పటం గీసినావిడ ఎక్కడున్నారు మేడం, ఒకసారి చూడాలి అన్నాడు. నాకు ఎంత గర్వం వచ్చిందంటే, గీసింది నేనేమో అన్నంత!

అధికారి అక్కడే కారు బానెట్ మీద కాగితం పెట్టి రాశారు, పదిహేడో షీటును సాక్ష్యంగా స్వీకరిస్తున్నాం అని. అరవై రెండు ఇళ్ళకీ స్థలాలు వస్తాయి. ముప్ఫై ఎనిమిదో నంబరు మీ అమ్మగారిది. అది నీ పేరు మీదికి వస్తుంది, నువ్వు సంతకం పెట్టాలి.

ఈ నెల ఇరవై తొమ్మిది, ఆదివారం పదింటికి గ్యాలరీ పెద్ద హాల్లో నీ షీటును వేలాడదీస్తున్నాం. గీసినావిడ చేతులతో తెర తీయించాలని అందరి పట్టు. రావే. అక్కడి నుంచి రైలు రాత్రికి రాత్రే దింపుతుంది. మంచం మా ఇంట్లో వేసి ఉంచుతాను. మాట్లాడకపోయినా ఫరవాలేదు, ముందు రా.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,
మరక

తా.క.

జూన్ 14, శనివారం

ఈ ఉత్తరం రాసి రెండు రోజులైంది. కవరు అంటించబోయిన ప్రతిసారీ చెయ్యి ఆగిపోతోంది. అందులో ఒక అబద్ధం రాశాను.

షీటు బీరువాలో దొరకలేదు. బీరువా వచ్చిన రోజు నేనే తెచ్చి ఆ సొరుగులో పెట్టాను. నువ్వు రాజీనామా ఇచ్చిన సాయంత్రం ఆఫీసరు దాన్ని నా చేతికిచ్చి చింపేయమన్నాడు. చింపలేకపోయాను. గొట్టంలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. వారం తర్వాత నువ్వు గేటు దగ్గర ఆపి, నా షీటేదే అని అడిగావు. కాల్చేశారు, నా కళ్ళతో చూశాను అన్నాను. అప్పుడది మా ఇంట్లో అలమర మీద ఉంది. ఖాళీ స్థలం అని ఆ కొత్త షీటు గీసిందీ నేనే. ఆ అక్షరాలు నా చేతివే.

ఆ మరుసటి ఏడాది మీ అమ్మగారూ, దర్జీ వాళ్ళ నాన్నా కోర్టుకెక్కినప్పుడు మీ ఇళ్ళున్నాయని చూపించడానికి ఒక్క కాగితం లేక ఓడిపోయారు. ఆ కాగితం నా దగ్గర ఉంది. ఉద్యోగం పోతుందని నోరెత్తలేదు. భయం. దానికి ఇంకో పేరు పెట్టను.

నిన్న క్యూరేటర్‌కి చెప్పాను. అధికారికి రాసిచ్చాను. పటం నిజమైనదని బావే తేల్చింది, స్థలాలకేం ఢోకా లేదమ్మా అన్నారాయన. ఆ తర్వాత దర్జీ షాపుకి వెళ్ళి చెప్పాను. అతను తిట్టలేదు. కుట్టు ఆపి, అప్పుడే ఇచ్చుంటే మా నాన్న గెలిచేవాడు కదక్కా అని ఒక్క మాట అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. నువ్వు అడిగినా ఉండదు. అయినా అడగడానికి రా.